విలన్ దగ్గర వదిలేసి వచ్చిన మనిషి లెక్క ఏమైంది?

ఈసారి రాత కొంచెం పొడుగు. మధ్యాహ్నం భోజనమైనాక తీరికగా చదవండి.

మన గ్రూపులో మూడు వారాలుగా నడుస్తున్న రచ్చ అందరూ చూస్తానే ఉన్నారు. 'సూపర్‌నేచురల్' అనే అమెరికా సీరియల్లో విలన్ల సంగతి తేల్చకుండానే ముగించేసినారని మన పిల్లలు రెండు కట్లుగా విడిపోయి వాదించుకుంటున్నారు. ఆ సందులో మన ఇండ్ల ఆడవాళ్ళు 'నాగిని'ని కూడా తెచ్చి కలిపినారు. ఒక పెళ్ళి పత్రిక, ఒక పదహారో దినం కబురు ఆ మెసేజీల అడుగున పడిపోయి ఎవరికీ కనపడలేదు. పెద్దలకు కోపం వచ్చింది, అది న్యాయమే. దాని మీద కమిటీలో ఒక మాట లేచింది. ఇక మీదట గ్రూపులో సీరియల్ మాట ఎత్తరాదు, ఎత్తితే పేరు తీసేస్తాము అని. వచ్చే ఆదివారం మీటింగులో దాన్ని తీర్మానంగా పెడతారట.

మేము ఆ తీర్మానానికి ఒప్పుకోము. ఎందుకో చెప్పే ముందు ఆ వాదన ఏమిటో చెప్పాలి. దాన్ని ఆపమంటున్న పెద్దలు చాలామంది దాన్ని చదవలేదు. మేము మొదటి నుంచి చివరి దాకా చదివినాము. రిటైరైన రైల్వే గుమాస్తాకు వేరే పనేముంది. ఆ సీరియల్ కూడా మనవరాలి పక్కన కూర్చుని, అర్థం కానిచోట దాన్ని అడిగి చెప్పించుకుంటూ చూసినాము.

అది 2005 సెప్టెంబరులో మొదలై 2020 నవంబరులో ముగిసింది. 15 సీజన్లు, 327 ఎపిసోడ్లు. సామ్, డీన్ అని ఇద్దరు అన్నదమ్ములు. సామ్ ఆరునెలల పసిబిడ్డగా ఉన్నప్పుడు పసుపు కళ్ళ దయ్యం ఒకటి వాళ్ళమ్మను చంపేస్తుంది. తండ్రి బిడ్డలిద్దరినీ నల్లకారులో వేసుకుని ఊరూరూ తిప్పుతూ దయ్యాల వేట నేర్పిస్తాడు. ఆ దయ్యం పేరు అజాజెల్. రెండో సీజన్ ఆఖరున డీన్ దాన్ని కాల్చి చంపుతాడు. అమ్మ చావుకు కొడుకే బదులు తీర్చినాడు. ఆ విలన్ గురించి మన పిల్లలెవరూ గొడవ పడలేదు, గమనించండి.

గొడవ ఐదో సీజన్ ఆఖరు నుంచి వచ్చింది. అందులో లూసిఫర్ అని సైతాను, మైకేల్ అని దేవదూతల్లో పెద్దవాడు, ఇద్దరూ యుద్ధానికి దిగుతారు. దిగితే లోకం నాశనం. కాని వాళ్ళకు సొంత ఒళ్ళు లేదు, మనిషి ఒంట్లో పూనాలి. మన జాతరలో పూనకం మాదిరి కాదు, ఆ మనిషి 'సరే' అని నోటితో చెప్పాలి. లూసిఫర్ సామ్ ఒంట్లోకి వస్తాడు. మైకేల్ ఆడమ్ అనే పిల్లవాడి ఒంట్లోకి. ఈ ఆడమ్ ఎవరంటే అన్నదమ్ములకు సవతి తమ్ముడు, తండ్రి వేరే ఊళ్ళో కన్న బిడ్డ. వాడికి ఈ యుద్ధంతో సంబంధమే లేదు. చచ్చిపోయిన మీ అమ్మను చూపిస్తామని దేవదూతలు ఆశపెట్టినారు, ఆ ఆశతో సరే అన్నాడు.

2010 మేలో వచ్చిన ఆ ఎపిసోడ్లో సామ్ తన ఒంట్లోని లూసిఫర్‌ని అణుచుకుని, పాతాళంలో ఉన్న బోనులోకి తానే దూకేస్తాడు. దూకుతా దూకుతా మైకేల్‌ని కూడా లాక్కుపోతాడు. అంటే ఆడమ్ కూడా పోయినట్టే కదా. తరువాతి సీజన్లో మృత్యువే మనిషి రూపంలో వచ్చి, బోనులో ఉన్నవాళ్ళలో ఒక్కరినే తెచ్చి ఇస్తాను, ఎవరు కావాలి అని డీన్‌ని అడుగుతాడు. సామ్ ఒళ్ళు అప్పటికే బయటికి వచ్చేసింది, ఆత్మ మాత్రమే లోపల ఉంది. డీన్ సామ్‌నే అడుగుతాడు. తోడబుట్టినవాడు, చిన్నప్పటి నుంచి ఎత్తుకు పెంచినవాడు. ఎవరైనా అట్లే అడుగుతారు.

మరి ఆడమ్?

దీని మీద మన వెల్లూరు అబ్బాయి ఒకడు, వాడు కొన్ని ఎపిసోడ్ల పాత్ర, వాడి కోసం ఇంత ఏడుపెందుకు అని రాసినాడు. దానికి హోసూరు పిల్ల ఒకతె ఇచ్చిన జవాబు మాకు బాగా నచ్చింది. "కొన్ని ఎపిసోడ్లే చూపించినారు మామా, కాని వాడు లోపల ఉన్నది మాత్రం అన్ని ఎపిసోడ్లూ" అని. నిజమే కదా. అన్నదమ్ములు తరువాత సీజన్ సీజనుకూ కొత్త దయ్యాన్ని పట్టినారు, బీరు తాగినారు, నవ్వినారు, ఏడ్చినారు. తమ్ముడు అక్కడే సైతానుతో ఒక బోనులో. 2019 ఆఖరులో, పదిహేనో సీజన్లో, అంటే తొమ్మిదేండ్లు దాటినాక, ఆడమ్ మళ్ళీ కనపడతాడు. మైకేల్‌తో కలిసే, ఒకే ఒంట్లో. అంతకాలం ఇద్దరే ఉండి స్నేహితులైపోయినారట! అది బాగుంది. సీరియల్ రాసినవాళ్ళకు ఆ పిల్లవాడు గుర్తున్నాడని ఒక నమ్మకం కలిగింది. కాని కొన్ని ఎపిసోడ్లకే మిగతా లోకంతో పాటు వాడినీ మాయం చేసినారు. చివర్లో లోకమంతా తిరిగి వస్తుంది, వాడు వచ్చినట్టు చూపించలేదు. అందరూ వచ్చినప్పుడు వాడూ వచ్చుంటాడు అంటుంది ఒక కట్ట. చూపించనిది జరగనట్టే అంటుంది ఇంకో కట్ట.

రెండో తగాదా 'ఎంప్టీ' గురించి. అంటే శూన్యం. దేవదూతలు, దయ్యాలు చస్తే పోయే చీకటి. దానికి ఒక యజమాని, అది నిద్రలో ఉండాల్సింది. కాస్టియెల్ అనే దేవదూత, అన్నదమ్ముల ప్రాణ స్నేహితుడు, 2017లో వచ్చిన పదమూడో సీజన్లో దాన్ని నిద్ర లేపుతాడు. తరువాతి సీజన్లో దానితో ఒక ఒప్పందం చేసుకుంటాడు. పెంచుకున్న బిడ్డను వదిలిపెట్టు, నాకు నిండా సంతోషం కలిగిన క్షణంలో నన్ను తీసుకుపో అని. ఇది మటుకు మంచి కథ. మన పాత కథల్లో వరాలు, శాపాలు ఇట్లాంటి మెలికతోనే ఉంటాయి. 2020 నవంబరులో ఆ క్షణం వచ్చింది, శూన్యం వచ్చి ఎత్తుకుపోయింది. తరువాత రెండే ఎపిసోడ్లు. శూన్యం మళ్ళీ కనపడలేదు. ఆఖరి ఎపిసోడ్లో స్వర్గంలో ఒక ముసలాయన మాటల మధ్యలో కాస్టియెల్ బయటపడి సాయం చేసినట్టు ఒక మాట అంటాడు. అంతే. ఎట్లా బయటపడినాడు, ఆ శూన్యం ఎట్లా వదిలింది, అది నిద్రపోయిందా, ఇంకా మేలుకునే ఉందా, ఏమీ లేదు.

కరోనా వల్ల అట్లా అయింది అని కొందరు సర్ది చెప్పినారు. 2020 మార్చిలో షూటింగు ఆగిపోయిన మాట నిజం, చివరి రెండు ఎపిసోడ్లు మిగిలే ఉన్నాయి, ఆగస్టులో మళ్ళీ మొదలుపెట్టి తీసినారు. గుంపును పెట్టి తీసే సీన్లు తీయలేకపోయినారంటే ఒప్పుకుంటాము. అయితే ఒక మనిషి నిలబడి నాలుగు మాటలు చెప్పడానికి గుంపు అక్కరలేదు.

మేము గూడ్సు ఆఫీసులో ఉన్నప్పుడు నెలాఖరు బాలెన్స్ షీటులో ఔట్‌స్టాండింగ్ అని ఒక పద్దు ఉండేది. తేలని బాకీలు. అది ఉండడం తప్పు కాదు, ఏ స్టేషనుకైనా ఉంటాయి. కాని ప్రతి బాకీకీ ఎదురుగా కారణం రాయాలి, పై నెలకు తీసుకుపోవాలి. కారణం రాయకుండా పేజీ తిప్పడానికి లేదు. గుమాస్తా బదిలీ అయితే కొత్తగా వచ్చినవాడు ఆ పట్టీ చూసుకుని సంతకం పెట్టి ఛార్జి తీసుకుంటాడు. "అది నా కాలంలో జరగలేదు సార్" అంటే చెల్లదు. ఈ సీరియల్లో జరిగిందీ ఛార్జి గొడవే అని మా ఉద్దేశం. కథ పుట్టించిన ఎరిక్ క్రిప్కే ఐదు సీజన్లకే లెక్క వేసుకున్నాడు. ఆ బోనులోకి దూకడమే ఆయన ముగింపు. కాని సీరియల్ బాగా ఆడుతుంటే టీవీవాళ్ళు ఆపుతారా? ఆయన పక్కకు తప్పుకున్నాడు, తరువాత ఒకరి నుంచి ఒకరికి చేతులు మారింది, ఇంకో పదేండ్లు నడిచింది. ముగింపు అనుకుని రాసిన బోను కాస్తా మధ్యలో తేలని బాకీ అయిపోయింది. వచ్చినవాళ్ళు కొత్త సరుకు దించుకోవడంలో పడి పాత పట్టీ చూడలేదు.

మన నాగిని కథా అదే. ఏక్తా కపూర్ 2015 నవంబరులో హిందీలో మొదలుపెట్టిన దాన్ని మన ఇండ్లలో సన్ టీవీలో తమిళంలో చూసినాము. శివన్య తల్లిదండ్రులను చంపినవాళ్ళ మీద పగ తీర్చుకోవాలి. వాళ్ళలో పెద్ద తల యామిని, సుధా చంద్రన్ వేసింది. మొదటి భాగం ముగిసినా యామిని పని ముగియలేదు, రెండో భాగంలో మళ్ళీ వచ్చింది, ఈసారి శివన్యనే చంపింది, పగ కూతురు శివాంగికి మిగిలింది. పక్కనే ఉండి చెల్లెలి మాదిరి సాయం చేసిన శేష పగదైపోయింది. అప్పుడు మా వదినగారు టీవీ ముందు నుంచి లేచి వెళ్ళిపోయి రెండు దినాలు చూడలేదు. నాలుగో భాగమైతే లాక్‌డౌన్‌లో సగంలో ఆగి, 2020 ఆగస్టులో గబగబా చుట్టేసినారు. మరునాటి నుంచే ఐదో భాగం, కొత్త నాగిని. పాత పగల సంగతి అడిగేవాడు లేడు.

దీనికి మన పెద్దలు కొందరు, అమెరికావాడైనా బొంబాయివాడైనా డబ్బుకు సాగదీస్తాడు, మన కాలంలో ఇట్ల ఉండేదా అన్నారు. ఉండేది. మన కాలంలోనూ ఉండేది. చందమామలో బేతాళ కథలు చదవనివాళ్ళు ఎవరు? మేము బళ్ళో తమిళ మీడియం కాబట్టి అంబులిమామాలో చదివినాము, అదే బొమ్మ, శంకర్ వేసిన బొమ్మ, భుజాన శవం, చేతిలో కత్తి. పాత సంస్కృత కథలో ఆ రాజును శవం తెమ్మని పంపింది ఒక భిక్షువు. వాడే విలన్. రాజునే బలి ఇవ్వాలని వాడి ఎత్తు. ఇరవై అయిదో కథతో ఆ ఎత్తు బయటపడి, రాజు వాడినే నరికేస్తాడు, కథ కంచికి పోతుంది. చందమామవాళ్ళు దాన్ని ముగించలేదు. కొత్త కథలు రాయించి వందలకు వందలు వేసినారు. రాజు మౌనం వీడుతూనే ఉన్నాడు, బేతాళుడు చెట్టెక్కుతూనే ఉన్నాడు, ఆ భిక్షువు శ్మశానంలో కాచుకుని కూర్చునే ఉన్నాడు. మనలో ఒక్కరైనా ఆ భిక్షువు సంగతేమైంది అని అడిగినామా? అడగలేదు.

ఎందుకు అడగలేదు అని మేము చాలాసేపు ఆలోచించినాము. భిక్షువు చేతిలో మనవాళ్ళెవరూ చిక్కుకోలేదు. రాజు క్షేమంగా ఉన్నాడు, నెలనెలా కొత్త చిక్కుప్రశ్న విప్పుతున్నాడు. విలన్ బతికుంటే మనకేమి నష్టం?

ఇప్పుడు బాలనాగమ్మ కథ తీసుకోండి. మన అవ్వలు బుర్రకథలో విన్నది, 1942లో మదరాసులో జెమినీవాళ్ళు కాంచనమాలతో తీసినది, 1959లో ఎన్టీఆర్, అంజలీదేవి వేసినది. మాయల ఫకీరు బాలనాగమ్మను కుక్కను చేసి తీసుకుపోతాడు. ఆమె వ్రతం పేరు చెప్పి గడువు పెట్టించి వాడి చెరలో ఏండ్లకేండ్లు గడుపుతుంది. కొడుకు బాలవర్ధి పెద్దవాడై వెతుక్కుంటూ వస్తాడు. ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది. కొడుకు ఆ చిలకను పట్టి ఫకీరును చంపి తల్లిని ఇంటికి తెస్తాడు. ఈ కథ చెప్పే బుర్రకథవాడు మధ్యలో ఆపి, రేపటి నుంచి వేరే కథ అని తంబుర చంకన పెట్టుకుని బయలుదేరితే ఊరు వదిలేదా? కర్రలు తీసుకుని పొలిమేరలో ఆపి ఉందురు. ఫకీరు చావలేదని కాదు. తల్లి చెరలో ఉందని.

మన పిల్లల వాదన పైకి విలన్ల గురించిగా కనపడుతుంది. లూసిఫర్ ఏమైనాడు, శూన్యం ఏమైంది, విశాఖ ఎందుకు మళ్ళీ వచ్చింది అని. కాని మేము ఆ మెసేజీలన్నీ వరసగా చదివితే తేలింది వేరే. ఎక్కడ కోపం జాస్తిగా ఉందో అక్కడ విలన్ చేతిలో ఒక మనిషి చిక్కి ఉన్నాడు. ఆడమ్ ఉన్నాడు. కాస్టియెల్ ఉన్నాడు. వాళ్ళ పేర్లు లేనిచోట పిల్లలు జోకులు వేసుకుని వదిలేసినారు. విలన్‌ని చంపాలని కూడా వాళ్ళు పట్టుపట్టలేదు. ఆ సీరియల్లో అందరికన్నా పెద్ద విలన్ చివరికి దేవుడే అని తేలుతుంది. చక్ అని పేరు పెట్టుకుని కథలు రాసేవాడు, అన్నదమ్ముల కష్టాలన్నీ వాడు తన సరదాకు రాసినవే. వాడిని చంపరు. శక్తి లాగేసి మామూలు మనిషిగా వదిలేసి కారెక్కి పోతారు. ముసలివాడై, జబ్బుపడి, ఎవరికీ గుర్తులేకుండా పోతాడు. దాని గురించి ఒక్కరూ గొణగలేదు. బతికి ఉన్న విలనే, కాని ఆ బాకీ తేలిపోయింది, వాడి చేతిలో ఎవరూ మిగల్లేదు.

అందుకే వెల్లూరు అబ్బాయి మాటతో మేము ఏకీభవించము. "అది కథ, అన్నీ చెప్పాలని రూలుందా, కొన్ని ఊహకు వదిలితేనే అందం" అన్నాడు. రాసేవాడు తెలిసి వదిలితే అందమే. పక్కింట్లో బిడ్డను మరిచిపోయి వచ్చి, ఊహకు వదిలినాము అంటే ఎట్లా? తెలిసి వదిలినదో మరిచిపోయి వదిలినదో చూసేవాడికి తెలిసిపోతుంది. తెలిసి వదిలినవాడు ఒకసారైనా వెనక్కి తిరిగి చూస్తాడు.

ఈ మాట మనకు కొంచెం ఎక్కువగా తగులుతుంది, దాచేదేముంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1960లో హద్దులు సర్దినప్పుడు తిరుత్తణి ఇటు చేరింది. అటువైపు కథ చాలా సీజన్లు నడిచింది, కొత్త రాజధానులు, కొత్త రాష్ట్రాలు, కొత్త హీరోలు. గీతకు ఇవతల ఉండిపోయినవాళ్ళను ఆ కథలో ఎంతమంది వెనక్కి తిరిగి చూసినారు? మదరాసు రాష్ట్రం విలన్ అని మేము అనడం లేదు, అట్లా అర్థం తీసుకుని రేపు ఎవరూ ఫోన్ చేయవద్దు. ఈ నేల మనకు అన్నం పెట్టింది, ఉద్యోగం ఇచ్చింది, తమిళం మాకు చదువు చెప్పిన భాష. మేము అంటున్నది పక్కన పడిపోయిన పాత్ర గురించి మన పిల్లలకు ఎందుకు అంత మంట పుట్టిందో అర్థం చేసుకోవడానికి మనం అమెరికా పోనక్కరలేదని.

ఇంక తీర్మానం సంగతి. 2006 తమిళ చట్టం తరువాత మన బిడ్డలకు బళ్ళో తెలుగు చదువు ఎట్లా తగ్గుతూ వచ్చిందో మీకు మేము చెప్పాల్సిన పనిలేదు. సంఘం తరఫున ఆదివారం తెలుగు క్లాసు పెట్టినాము, పిల్లలు రావడం లేదని ప్రతి మీటింగులోనూ మనమే వాపోతాము. ఆ రాని పిల్లలే ఈ మూడు వారాలు గ్రూపులో తెలుగు రాసినారు. కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో, ఇద్దరు తమిళ అక్షరాల్లో, ఒకడు మాత్రం ఫోన్లో తెలుగు కీబోర్డు వేయించుకుని తప్పులతో. రాసింది తెలుగే.

అందులో ఒక రాత్రి జరిగిన ముచ్చట చెప్పాలి. ఆ పాతాళంలోని కేజ్‌ని తెలుగులో ఏమనాలి అని ఒక పిల్ల అడిగింది. ఒకడు 'కూండు' అన్నాడు. అది తమిళం రా అని ఇంకొకడు. 'పంజరం' అన్నారు. అప్పటిదాకా ఒక్క మెసేజి పెట్టని మన కృష్ణగిరి పెద్దమ్మ, ఎనభై దాటిన మనిషి, వాయిస్ మెసేజి పెట్టింది. పంజరం చిలకకు నాయనా, బోను పులికి, మనిషిని పెడితే అది చెర అని. ఆ వెంటనే బాలనాగమ్మ కథ పదకొండు నిమిషాలు చెప్పింది. ఫకీరు ప్రాణం చిలకలో ఉందనే సరికి పిల్లలు ఎగిరి గంతేసినారు, హ్యారీ పాటర్లో వోల్డెమార్ట్ ప్రాణాన్ని ముక్కలు చేసి దాచినట్టే ఉంది అవ్వా అని. మరునాటి నుంచి గ్రూపులో ఆడమ్ 'చెర'లోనే ఉన్నాడు, కేజ్‌లో లేడు. మన ఆదివారం క్లాసులో ఇన్నేండ్లలో ఇట్లాంటి పాఠం ఒకటి జరిగిందా? క్లాసు చెప్పే మాస్టరుగారు మా స్నేహితులు, ఆయన కోపం చేసుకోరని అడుగుతున్నాము.

వేరే గ్రూపు పెట్టుకోండి అని ఒక సర్దుబాటు మాట కూడా వచ్చింది. పెడితే పిల్లలు అక్కడికి పోతారు. పెద్దమ్మ పోదు. రెండు దినాల్లో వాళ్ళు ఇంగ్లీషులోకో తమిళంలోకో జారిపోతారు, ఎందుకంటే తెలుగు రాయడానికి ఉన్న కారణం పెద్దమ్మే.

కాబట్టి మేము ఆదివారం ఇట్లా అడగబోతున్నాము. పెళ్ళి, చావు, గృహప్రవేశం కబుర్లు కార్యదర్శి పైన పిన్ చేసి ఉంచాలి, అప్పుడు ఏదీ కింద పడదు. చావు కబురు వచ్చిన దినం సీరియల్ మాట వద్దు. మిగతా దినాల్లో రాత్రి ఎనిమిది నుంచి పది దాకా వాదించుకోనివ్వండి. తిట్లు వద్దు, పందాలు వద్దు. తెలుగులోనే రాయాలి, ఏ అక్షరాల్లో రాసినా సరే. ఇంకో షరతు పిల్లలే అడిగినారు, మేము చేరుస్తున్నాము. పదిహేనో సీజన్ ఇంకా చూడనివాళ్ళు నలుగురు ఉన్నారు, వాళ్ళ ముందు ముగింపు చెప్పేయరాదు. మేము ఇక్కడ చెప్పేసినాము కదా అని అడిగితే, ఆ నలుగురికీ నిన్ననే ఫోన్ చేసి ఈ రాత చదవవద్దని చెప్పినాము.

మీటింగు పొద్దున పది గంటలకు. చేతులెత్తే ముందు పెద్దమ్మ వాయిస్ మెసేజి అందరికీ వినిపించాలని కార్యదర్శిగారిని కోరుతున్నాము. పదకొండు నిమిషాలే.